తవిటయ్య కూతురి మాడు

తవిటయ్యను తలగుడ్డ లేకుండా చూసినవాళ్లు మల్కాపురంలో తక్కువ. హార్బరులో బస్తాలు మోసే కళాసీలందరికీ తలగుడ్డ ఉంటుంది. పని దిగాక విప్పి, దులిపి, భుజాన వేసుకుంటారు. తవిటయ్య విప్పేవాడు కాదు. టీ బడ్డీ దగ్గరా, రేషను షాపు ముందూ అది నెత్తిమీదే ఉండేది. పెళ్లిలో బాసికం కట్టడానికి తియ్యమంటే మేనమామ చాలాసేపు బతిమాలవలసి వచ్చిందట.

అతని తల పెద్దది. చూసి జడుసుకునేంత కాదు గాని, ఎదురొచ్చేవాడి చూపు ముందుగా అక్కడ ఆగేంత పెద్దది. నుదురు ముందుకొచ్చి, నెత్తి వెడల్పుగా, మెడ దానికి చాలనట్టు కనబడేది. సొంత ఊళ్లో 'బుర్రోడు' అనేవారు. హార్బరుకు వచ్చిన వారానికే ఇక్కడా అదే పేరు పడింది, ఎవరూ చెప్పకుండానే.

ఆ ఊరు తగరపువలస దగ్గర ఒక పల్లె. తల్లి ఆదిలక్ష్మమ్మకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. మూడోవాణ్ణి చేటలో తవుడు పోసి పడుకోబెట్టి, పక్కింటావిడకు అమ్మినట్టు అమ్మి, తిరిగి కొనుక్కుని ఆ పేరు పెట్టింది. పిల్లవాడు దక్కాడు. కాని వాడికి మూడేళ్లు నిండకముందే తండ్రి కలరాతో పోయాడు. నడక వచ్చాక వాడి తల అందరి కంట్లో పడింది. ఆ పోయినాయనకు అక్క, తాయారు, ఒకరోజు నలుగురిలో ఒక మాట అనేసింది. "నిండు నెలల్లో బిందెలు బిందెలు మోసింది. ఆ నీల్లే గుంటడి బుర్రలోకి దిగిపోనాయి." ఆవిడ ఒకసారే అంది. తరవాత ఊరంతా అంది.

రెండో తరగతిలో పలక మీద లెక్క తప్పితే పంతులు కూడా అదే అన్నాడు, ఇది నీళ్ల బుర్ర, ఇందులో చదువు నిలవదని. పిల్లలు నవ్వారు. మర్నాడు తవిటయ్య బడికి వెళ్లనన్నాడు. తల్లి వెళ్లమనలేదు. ఆవిడా ఆ మాట నమ్మింది. తన వల్లే కొడుకు ఇలా అయ్యాడనుకునే మనిషి వాణ్ణి కొట్టి బడికెలా పంపుతుంది?

ఇరవై ఏళ్లు దాటాక తల్లిని వెంటబెట్టుకుని విశాఖపట్నం వచ్చాడు. హార్బరు మేస్త్రీ అతన్ని ఎగాదిగా చూసి, "బస్తా బాగానే కూకుంటాదిరా నీ బుర్ర మీద" అని పనిలో పెట్టుకున్నాడు. అందరితోపాటు తవిటయ్యా నవ్వాడు. అతనికి తెలివి తక్కువని అతనితో ఎవరూ వాదించి ఒప్పించవలసి రాలేదు, తనే ఒప్పేసుకున్నాడు. జట్టులో ఏదైనా మాట్లాడుకుంటుంటే పక్కకు తప్పుకునేవాడు. "నాకేటి తెలుత్తాది, మీరు సూడండి" అనేవాడు.

పిల్లనెవరూ ఇవ్వక పెళ్లి ఆలస్యమైంది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోతాయని అనుకుంటున్న పల్లెల్లో ఒకదాని నుంచి నూకాలు వచ్చింది. మంచి పిల్ల, నోరు తక్కువ. చాలాకాలం కడుపు పండలేదు. డెబ్భై ఆరు వానాకాలంలో నెల తప్పింది.

ఆ రోజు నుంచి ఆదిలక్ష్మమ్మ కోడలిని బిందె ముట్టుకోనివ్వలేదు. వీధి కుళాయి దగ్గర అరవయ్యేళ్ల మనిషి తనే వరసలో నిలబడి, తనే మోసుకొచ్చేది. నూకాలు అడ్డం పడితే కసిరేది. ఎందుకో చెప్పేది కాదు.

ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది. మంత్రసాని బొడ్డు కోసి, బిడ్డను గుడ్డలో చుట్టి, "ఓలమ్మా, అచ్చం అయ్యే" అంది. ఆవిడ మెచ్చుకోలుగానే అంది. గుమ్మంలో నిలబడ్డ తవిటయ్య చెయ్యి మాత్రం తలగుడ్డ మీదికి పోయింది.

గౌరీశ్వరి అని పేరు పెట్టారు. బాగా పాలు తాగేది. కాని నెలలు గడిచేకొద్దీ తల ముందూ, పిల్ల వెనకా అన్నట్టు పెరిగింది. నడినెత్తి మీద మెత్తటి మాడు మూడు వేళ్లు పట్టేంత వెడల్పు. ఆముదం రాసేటప్పుడు ఆదిలక్ష్మమ్మ చెయ్యి అక్కడికి వచ్చి ఆగిపోయేది. పలచటి చర్మం కింద ఏదో మెల్లగా కొట్టుకుంటూ ఉండేది. పక్కింటివాళ్లు చూసి, ఇంత మాడేమిటని ఒకరూ, మా పిల్లాడికి ఈ వయసుకి వేలు కూడా పట్టేది కాదని ఇంకొకరూ అన్నారు.

ఒకరోజు ఆవిడ కొడుకును దగ్గరికి పిలిచింది.

"నీల్లు మొయ్యనివ్వనేదు కదరా దాన్ని. ఒక్క బిందె ఎత్తనివ్వనేదు. మరెందుకొచ్చిందిరా ఇలగ?"

ఆ ప్రశ్నే ఆవిడకు కొత్త. ముప్పై అయిదేళ్లుగా ఆవిడ దగ్గర ఒక జవాబు మాత్రమే ఉండేది.

తవిటయ్యతో పనిచేసే చలమయ్యది పక్క వీధే. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఒక సాయంత్రం చలమయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నూకాలు పిల్లను ఒళ్లో వేసుకుని పక్కనే ఉంది. అతను పిల్లను చూశాడు. మాట మధ్యలోనే లేచాడు. తరవాత తవిటయ్యను వీధి చివరిదాకా నడిపించుకుపోయాడు.

"మాడు పొంగుతోందేటి బావా?"

"ఏడిత్తే పొంగుతాది. అందరి పిల్లలకీ అంతే కదేటి."

"ఊరుకున్నాక?"

తవిటయ్య ఎప్పుడూ చూడలేదు.

చలమయ్య రెండో కొడుకు అంతకు కొన్నేళ్ల ముందు తలలో నీరు చేరి పోయాడు. ఆ సంగతి తవిటయ్యకు తెలుసు గాని చలమయ్య నోట ఎన్నడూ వినలేదు. ఆ రోజు విన్నాడు.

"మా గుంటడికీ బుర్రతోనే మొదలయింది బావా. నాను దిష్టనుకున్నాను. తాయెత్తులనీ పసర్లనీ తిరిగినాను. ఆసుపత్రికి ఎల్లేసరికి ఆడి కల్లు కిందకి దిగిపోనాయి. సీకటి గదిలో బుర్రకి లైటు పెడితే లాంతరునాగ ఎర్రగా ఎలిగిపోయింది. నువ్వు నానాగ సెయ్యకు. రేపే ఎల్లు."

మర్నాడు తవిటయ్య పనికి వెళ్లలేదు. పిల్లను ఎత్తుకుని నూకాలూ, సంచి పట్టుకుని తనూ బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్లారు. పిల్లల వార్డులో చూసిన డాక్టరమ్మ పేరు జమాలున్నీసా. పట్నంలోనే పాత ఊరనే పేట మనిషి. వయసు చిన్నది. తొందర లేకుండా చూసింది. పిల్ల ఏడుస్తుంటే ముందు పాలిమ్మంది. ఊరుకున్నాక నిలువుగా కూర్చోబెట్టి, వేళ్లతో మాడు తడిమింది. కళ్లలోకి చూసింది. ముఖం దగ్గర గాజులు ఆడించింది. పిల్ల అటు తిరిగి బోసి నోటితో నవ్వింది. టేపు తీసి తల చుట్టూ కొలిచింది. తరవాత పక్కనున్న చిన్న గదిలోకి రమ్మంది.

కిటికీలు మూసి, నల్ల తెర లాగారు. చీకటి. తవిటయ్యకు సంగతి అర్థమైంది. డాక్టరమ్మ చేతిలో టార్చిలైటు ఉంది, దాని మూతికి రబ్బరు చుట్టి ఉంది. అది పిల్ల నుదుటికి ఆనించి వెలిగించింది. తవిటయ్య కళ్లు మూసుకున్నాడు. నూకాలు చెయ్యి వచ్చి అతని మోచేతిని గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆవిడే అంది, "సూడు మావా. ఎలగట్లేదు."

కళ్లు తెరిచాడు. టార్చి అంచు చుట్టూ సన్నటి ఎర్ర గీత ఉంది, అంతే. మిగతా తల చీకట్లో చీకటిగా ఉంది. అక్కడా ఇక్కడా పెట్టి చూసినా అంతే. తవిటయ్య గోడకు చేరగిలబడ్డాడు.

"సంతోషపడిపోకండి, భయపడనూ వద్దు" అంది డాక్టరమ్మ బయటికి వచ్చాక. "పెద్దగా నీరు చేరితే ఇలా ఉండదు. కాని ఇవాళ ఒక్కసారి చూసి చెప్పే సంగతి కాదు ఇది. తల ఎంత ఉందన్నదానికంటే ఎలా పెరుగుతోందన్నది ముఖ్యం. నెలనెలా తీసుకురండి."

నూకాలు ధైర్యం చేసి అడిగింది. "మాడు ఇంత పెద్దదుంటాదేటమ్మా?"

"ఉండొచ్చమ్మా. పుట్టేటప్పుడు మన పుర్రె ఒకే ఎముక కాదు. విడివిడి రేకుల్లా ఉంటుంది. వాటి మధ్య ఖాళీయే మాడు. లోపల మెదడు పెరగాలి కదా, దానికి చోటు కావాలి. మొదటి ఏడాదిలో తల పెరిగినంత మళ్లీ జన్మలో పెరగదు. వెనకాల ఇంకో చిన్న మాడు ఉంటుంది, అది రెండు మూడు నెలల్లోనే పూడిపోతుంది. ముందుది కొందరికి వేలి కొసంత, కొందరికి మూడు వేళ్లంత. రెండూ మామూలే. ఏడాదికి పూడేవాళ్లూ ఉన్నారు, రెండేళ్లకు పూడేవాళ్లూ ఉన్నారు."

"కొట్టుకుంటాది కదమ్మా అక్కడ?"

"కొట్టుకోవాలి. అది నాడి. ఏడ్చినప్పుడు పొంగినా భయం లేదు. ఊరుకుని కూర్చున్నప్పుడు కూడా పొంగి బిగుసుకుని ఉంటే, వాంతులవుతుంటే, కళ్లు కిందకి దిగుతుంటే ఆ రోజే తీసుకురండి. విరోచనాలు పట్టి మాడు గుంటపడినా ఆగకండి. నూనె రాయండి గాని నొక్కకండి."

ఆ తరవాతి నెలలు ఆ ఇంట్లో అందరూ పిల్ల ముఖం కంటే ముందు మాడు చూసేవారు. ఒక మధ్యాహ్నం నూకాలు కేక విని తవిటయ్య అన్నం ముందునుంచి లేచి పరిగెత్తాడు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, మాడు ఉబ్బి ఉంది. అతను చేతుల్లోకి తీసుకుని భుజాన వేసుకున్నాడు. అంతవరకు తన మోటు చేతులతో ఎక్కడ నలిగిపోతుందోనని పిల్లను సరిగా ఎత్తుకున్నదే లేదు. అటూ ఇటూ నడిచాడు. ఏడుపు వెక్కిళ్లలోకి దిగి ఆగింది. అరచెయ్యి మెల్లగా నెత్తిమీద ఆనించాడు. ఉబ్బు తగ్గి, మెత్తగా, ఎప్పటిలాగే కొట్టుకుంటోంది. చెయ్యి తియ్యకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

డాక్టరమ్మ దగ్గర వంపు గీతలున్న కాగితం ఒకటి ఉండేది. పిల్లల తలలు ఏ నెలకు ఎంతుంటాయో ఆ గీతలు చెబుతాయట. వెళ్లినప్పుడల్లా ఒక చుక్క పెట్టేది. గౌరీశ్వరి చుక్కలు అన్నిటికంటే పైగీతకు కూడా కాస్త పైనే పడ్డాయి. కాని పైపైకి ఎగబాకకుండా, ఆ గీత పక్కనే దానితోపాటే నడుస్తున్నాయి. పిల్ల బోర్లాపడింది. మెడ నిలిపింది.

ఒకసారి చుక్క పెట్టి, తలెత్తి, డాక్టరమ్మ తవిటయ్యకేసి చూసింది.

"ఏమయ్యా, ఓసారి ఆ తలగుడ్డ తియ్యి."

అతను కదల్లేదు. బయట బల్లల మీద ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. తలుపు తెరిచే ఉంది.

"తియ్యి మావా" అంది నూకాలు.

విప్పాడు. డాక్టరమ్మ లేచి వచ్చి, పిల్లకు పెట్టిన టేపే అతని తల చుట్టూ పెట్టింది. ఒకసారి చూసి, మళ్లీ సరిచేసి చూసింది. నవ్వలేదు.

"ఫిట్సు వచ్చాయా ఎప్పుడైనా? తలనొప్పులు? చూపు?"

"నేదమ్మా. జొరం కూడా ఎప్పుడో గాని రాదు."

"నీ తలా పెద్దదే. పిల్లది నీ పోలిక. మీ నాన్నది ఎలా ఉండేది?"

"నాకెరక నేదమ్మా. నాను గుంటడిగా ఉండగానే పోనాడు."

"తెలిసినవాళ్లుంటే అడుగు. కొన్ని కుటుంబాల్లో తలలే పెద్దవి. మీ నాన్నదీ అలాగే ఉందంటే నా అనుమానం చాలావరకు తీరిపోతుంది."

తవిటయ్య తలగుడ్డ చేతిలో నలుపుతూ అన్నాడు, "అయితే అమ్మా, నా బుర్రలో నీల్లు నేవేటి?"

"నీళ్లా? ఎవరన్నారు?"

"అందరూ."

డాక్టరమ్మ టేపు చుట్టి బల్ల మీద పెట్టింది. "ఉంటే నువ్విన్నాళ్లు బస్తాలు మోసేవాడివా? కొందరికి పాదాలు పెద్దవి. నీకు తల పెద్దది. లోపలంతా మాకున్నట్టే ఉంది."

ఇంటికి వచ్చేసరికి ఆదిలక్ష్మమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తవిటయ్య ఎదురుగా చతికిలబడ్డాడు.

"అమా, మా అయ్య బుర్ర ఎలగుండీది?"

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎందుకురా ఇప్పుడు?"

"డాట్రమ్మ అడిగింది."

ఆవిడ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "పెద్దదేరా. పెళ్లికి తలపాగా గుడ్డ చాలకపోతే మా అమ్మ కోక సింపి అతుకేసినారు."

"మరెప్పుడూ సెప్పనేదేటే?"

"ఎవలికి సెప్పమంటావు? పోయిన మొగుడి మీదకి నెట్టీసిందంటారు. ఆ మాటన్నది ఎవులు, ఆయన తోడబుట్టినదే కదా. నా నోరు ఏపాటిది? అనగా అనగా నాకూ నిజమే కామోసు అనిపించీసింది. నువ్వు బడి మానీసినప్పుడు నాను ఊరుకున్నాను సూడు, అందుకే. నా బిందెలే నిన్ను పాడుసేసినాయనుకున్నాను."

తవిటయ్య ముందుకు జరిగాడు. తల్లి చేతిలో చేట తీసుకుని, తనే రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు. ఆవిడ వద్దనలేదు.

మరుసటి నెల ఆదిలక్ష్మమ్మ కూడా బస్సెక్కింది. డాక్టరమ్మ ఎదుట ఏమీ దాచకుండా చెప్పింది. ఎన్ని నీళ్లు మోసిందీ, ఎంత దూరం మోసిందీ, ఆడపడుచు ఏమన్నదీ, మొగుడి తల ఎంతుండేదీ అన్నీ చెప్పి, ఇక శిక్ష వెయ్యండన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మామ్మా" అంది డాక్టరమ్మ, "బిందె నెత్తిమీద ఉంటుంది. బిడ్డ కడుపులో ఉంటుంది. ఆ నీళ్లు ఇక్కడికి రావడానికి దారెక్కడుంది? నీ మొగుడి తల నీ కొడుక్కి వచ్చింది. నీ కొడుకు తల మనవరాలికి వచ్చింది. నువ్వు చేసిందేం లేదు."

ఆవిడ అక్కడ ఏడవలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, మల్కాపురం వచ్చేదాకా కొంగు ముఖం మీదనుంచి తియ్యలేదు. నూకాలు ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది.

ఈ సంగతి చలమయ్యకు ఎలా చెప్పాలో తవిటయ్యకు తెలియలేదు. ఆసుపత్రికి తరిమినవాడు అతనే. కాని 'నా పిల్ల బాగుంది' అనే మాట అతని ఎదుట నోటికి రాలేదు. కొన్నాళ్లు తప్పించుకు తిరిగాడు. చివరికి ఎరువుల బస్తాలు దించుతున్న చోట చలమయ్యే నిలదీశాడు.

"పిల్ల బాగున్నాదని ఊరందరికీ తెల్సు. నాకు సెప్పవేటి బావా?"

"ఎలగ సెప్పను బావా. నీకు..."

"నా గుంటడు పోనాడని నీ పిల్లా పోవాలేటి?"

కోపంగానే అన్నాడు. అని, బస్తా ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆదివారం మాత్రం తనే వచ్చాడు. పిల్లను ఇమ్మని చేతులు చాచాడు. తన కొడుకు పోయాక అతను చంటిపిల్లను ఎత్తుకోవడం అదే మొదటిసారని అతని భార్య తరవాత నూకాలుతో చెప్పింది. గౌరీశ్వరి అతని మీసం పట్టుకుని లాగింది. అతను ఆ పెద్ద తల తన భుజం మీద ఆనించుకుని వీధంతా తిప్పి తెచ్చాడు.

పిల్లకు నడక కాస్త ఆలస్యమైంది. తల బరువుకు తూలి పడేది, లేచేది. ఏడాదిన్నర దాటాక ఒకనాడు నీళ్లు పోస్తూ ఆదిలక్ష్మమ్మ చెయ్యి ఆపి, మళ్లీ తడిమి, కోడలిని కేకేసింది. మాడు ఉన్నచోట వేలికి గట్టిగా ఎముక తగిలింది. ఇద్దరూ ఒకరి తరవాత ఒకరు తడిమి చూసుకుంటుంటే, సబ్బు నురగ కళ్లలో పడి పిల్ల గోలపెట్టింది.

ఆ తరవాతి వేసవిలో పల్లెలో పెళ్లికి పిలుపు వచ్చింది. ఆ ఊరు విడిచాక ఆదిలక్ష్మమ్మ శుభకార్యాలకు వెళ్లింది లేదు. ఈసారి వెళ్తానంది. మనవరాలిని చంకనెత్తుకుంది. తోడు వస్తానన్న కొడుకును వద్దంది.

తాయారు అప్పటికి బాగా ముసలిదై, పందిట్లో మంచం మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లున్నారు. ఆదిలక్ష్మమ్మ తిన్నగా వెళ్లి పిల్లను ఆవిడ ముందు మంచం మీద కూర్చోబెట్టింది.

"ఇది నా మనవరాలు వదినా. దీనమ్మని నాను ఒక్క బిందె ఎత్తనివ్వనేదు. అయినా సూడు."

తాయారు చూసింది.

"ఇది ఎవులి బుర్రో నీకు తెల్సు" అంది ఆదిలక్ష్మమ్మ. గొంతు పెంచలేదు. "మీ తమ్ముడిది. నాకూ తెల్సు, నీకూ తెల్సు. ఇన్నాల్లూ ఇద్దరం సెప్పనేదు."

తాయారు పిల్ల నుదురు మీద చెయ్యి వేసింది. ముందుకొచ్చిన ఆ నుదురును బొటనవేలితో అటూ ఇటూ రాసింది. తమ్ముడు పోయి అప్పటికి ముప్పై అయిదేళ్లు దాటింది.

"మా అయ్యదీ ఇంతే" అంది చివరికి. "కూకోవే. మజ్జిగ తాగుతావేటి?"

అది క్షమాపణ అనుకోవచ్చో లేదో ఆదిలక్ష్మమ్మ తేల్చుకోలేదు. మజ్జిగ తాగింది. పెళ్లి అయిపోయాక కూడా, తాయారు బలవంతం చేస్తే, మరి కొన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఇద్దరు ముసలివాళ్లూ పెరట్లో కూర్చుని, పోయినాయన చిన్నప్పటి సంగతులు చెప్పుకునేవారట. వాటిలో సగం ఆదిలక్ష్మమ్మకు అంతవరకు తెలియనివే. తిరిగి వచ్చాక ఆవిడ వాటిని కొడుక్కి ఒక్కొక్కటిగా చెప్పింది, తండ్రి ముఖం గుర్తులేని కొడుక్కి.

ఎనభై మూడులో ఆదిలక్ష్మమ్మ పోయింది. అప్పటికి గౌరీశ్వరి రెండో తరగతి. లెక్కలు తప్పుతూ ఉండేది, దిద్దుకుంటూ ఉండేది. పనిలేని రోజున తవిటయ్య బడి దాకా వెళ్లి, గేటు బయట నిలబడి, లోపల పిల్లలంతా గొంతెత్తి ఎక్కాలు చదువుతుంటే వింటూ ఉండేవాడు.